గేటు మోగిన ప్రతిసారీ: ఉత్తుత్తి మోతలకూ భద్రతకూ మధ్య తూకం వేయడం ఎలా?

మాదాపూర్‌లో ఒక వాణిజ్య సముదాయానికి భద్రతా పర్యవేక్షకుడిగా చేరిన మొదటి ఆదివారం సంగతి. సాయంత్రం ఏడు గంటలకు ప్రధాన ద్వారం దగ్గర జనం కిటకిటలాడుతున్నారు, మెటల్ డిటెక్టర్ మాత్రం ఒక్కసారి కూడా మోగడం లేదు. ఎర్ర లైట్లు వెలుగుతున్నాయి, ఆరుతున్నాయి. దగ్గరికి వెళ్లి చూశాను. స్పీకరు రంధ్రాల మీద బ్రౌన్ టేపు అంటించి ఉంది, మూడు పొరలు. అంటించింది నాలుగేళ్లుగా అదే గేటు దగ్గర నిలబడుతున్న గార్డు. పనిదొంగేమీ కాదు, షిఫ్టుకు పావుగంట ముందే వచ్చే మనిషి. "రోజుకు వెయ్యిసార్లు మోగుతుంది సార్. అన్నీ తాళాలు, బెల్టులే. ఇంటికెళ్లి పడుకున్నా చెవుల్లో అదే మోత" అన్నాడు.

ఆ టేపుకు అతన్ని తప్పుపట్టలేను. యంత్రం ఎంత ఎక్కువ మోగితే అంత భద్రత అనుకుని దాని సున్నితత్వాన్ని చివరి అంకె దాకా పెంచి వదిలేసినవాళ్లదే ఆ తప్పు. నమ్మకం పోయిన మోతను ఎవరూ వినరు. వినని మోత ఉన్న గేటుకూ, గేటు లేకపోవడానికీ తేడా లేదు. హైదరాబాద్‌లో మాల్, థియేటర్, ఫంక్షన్ హాల్, ఆసుపత్రి, ఆఫీసు భవనం, ఎక్కడైనా సరే, తనిఖీ బాధ్యత చూసేవాళ్ల కోసం నేను నేర్చుకున్నది వరుసగా రాస్తున్నాను.

ముందు రెండు మాటలు స్థిరం చేసుకుందాం. అపాయం లేనిదాన్ని చూసి యంత్రం మోగితే అది ఉత్తుత్తి మోత. అపాయకరమైనది లోపలికి వెళ్లినా యంత్రంగానీ మనిషిగానీ పట్టుకోకపోతే అది జారుడు. సున్నితత్వం పెంచితే జారుళ్లు తగ్గి ఉత్తుత్తి మోతలు పెరుగుతాయి, తగ్గిస్తే తారుమారవుతుంది. మీట ఒక్కటే కాబట్టి రెండింటినీ ఒకేసారి సున్నా చేయడం కుదరదు.

మొదటి అడుగు: దేన్ని ఆపాలో కాగితం మీద పెట్టండి

చాలాచోట్ల ఈ కాగితమే ఉండదు. గార్డును "దేని కోసం చూస్తున్నావు?" అని అడిగితే కత్తి, తుపాకీ అంటాడు. అతని చేతులు మాత్రం గుట్కా పొట్లాలు, సిగరెట్లు, నీళ్ల సీసాలు, బయటి సమోసాలు వెతుకుతుంటాయి. ప్రాణాలకు ముప్పు తెచ్చేవి ఒక జాబితాగా, యాజమాన్యం నియమాల కోసం వద్దన్నవి ఇంకో జాబితాగా రాయండి. రెండింటినీ ఒకే మనిషికి, ఒకే క్షణంలో అప్పగించకండి. సమోసా దొరికితే గార్డుకు పని చేసిన తృప్తి కలుగుతుంది, ఆ తృప్తిలో అసలు వెతుకులాట సడలిపోతుంది. తినుబండారాల గొడవ లోపల టికెట్ చూసేవాళ్లు పడాలి.

గేటు దేన్ని పట్టలేదో కూడా అదే కాగితం మీద ఉండాలి. మెటల్ డిటెక్టర్‌కు పేలుడు పదార్థం తెలియదు, లోహం మాత్రమే తెలుసు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలింది రోడ్డు పక్కన నిలిపిన సైకిళ్ల మీద. ఏ గేటు లోపలా కాదు. గేటు సున్నితత్వం ఎంత పెంచినా అటువంటి దాడి ఆగదు. దానికి పార్కింగ్ మీద, బయటి ఫుట్‌పాత్ మీద, వదిలేసిన సంచుల మీద కన్ను వేయాలి. అనాథగా పడి ఉన్న సంచి కనిపిస్తే ముట్టుకోకుండా, జనాన్ని దూరం జరిపి 112కు ఫోను చేయాలన్నది ప్రతి గార్డుకూ కంఠతా రావాలి. ఆ పేలుళ్ల తర్వాత అదే ఏడాది వచ్చిన ప్రజా భద్రతా చట్టం జనం గుమిగూడే సంస్థలకు ప్రవేశ నియంత్రణనూ సీసీ కెమెరాలనూ తప్పనిసరి చేసింది. చట్టం కోసం గేటు పెట్టి ఊరుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ గేటు ఏం చేస్తోందో అడిగేవాళ్లు తక్కువ.

రెండో అడుగు: వారం రోజులు ప్రతి మోతనూ రాయించండి

గీతలు గీసిన మామూలు రిజిస్టరు చాలు. సమయం, ఏ గేటు, మోతకు కారణమైన వస్తువు, తేల్చడానికి పట్టిన సెకన్లు. పేర్లు, ఫోను నంబర్లు వద్దు. రద్దీలో గార్డు రాయలేడు కాబట్టి పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టండి. లోపలికి వచ్చినవాళ్ల మొత్తం సంఖ్య కూడా కావాలి, అది లేకపోతే మోతల సంఖ్యకు అర్థం ఉండదు.

మా దగ్గర ఆ వారం రిజిస్టరులో సగానికి పైగా నాలుగే వస్తువులు: ఫోను, తాళాల గుత్తి, బెల్టు బకిల్, స్టీలు టిఫిన్ డబ్బా. పెళ్లిళ్ల రోజుల్లో వడ్డాణాలు, గాజులు తోడయ్యాయి. అంటే సున్నితత్వం జోలికి వెళ్లకుండానే, గేటుకు ముందు ఒక బల్ల, నాలుగు ప్లాస్టిక్ ట్రేలు, తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిషుల్లో పెద్ద అక్షరాల బోర్డు పెడితే చాలావరకు మోత తగ్గుతుంది. బోర్డు వరుస మొదట్లో ఉండాలి. గేటుకు ఆనించి పెడితే అది చదివే సమయానికి మనిషి గేటులో ఉంటాడు.

మూడో అడుగు: యంత్రం చుట్టూ చూడండి

మనిషి లేకుండా మోగే గేట్లు ఉంటాయి. పక్కన రోలింగ్ షట్టరు కదిలినా, లిఫ్టు తలుపు మూసుకున్నా, సామాన్ల ట్రాలీ దగ్గరగా వెళ్లినా, కింద పలక ఊగుతున్నా, కరెంటు కేబుళ్లు ఆనుకుని ఉన్నా మోత వస్తుంది. రెండు గేట్లను పక్కపక్కన ఇరికించి, వాటి పౌనఃపున్యాలను వేరు చేయకపోతే ఒకదాన్ని చూసి ఒకటి మోగుతాయి. రాత్రి జనం లేనప్పుడు పది నిమిషాలు ఊరికే నిలబడి వినండి. ఆ పది నిమిషాల్లో వచ్చిన ప్రతి మోతకూ కారణం గోడలోనో నేలలోనో ఉంది.

నాలుగో అడుగు: జారుళ్లను కొలవండి

ఉత్తుత్తి మోతలు కళ్లకు కనిపిస్తాయి, చెవులకు వినిపిస్తాయి. జారుళ్లు కనిపించవు. అందుకే రద్దీ పెరిగినప్పుడల్లా అందరూ మీటను ఒకవైపుకే తిప్పుతారు. కనిపించనిదాన్ని కనిపించేలా చేయాలంటే మీరే పరీక్ష పెట్టాలి.

నిజమైన ఆయుధం తేకండి. డిటెక్టర్లు అమ్మేవాళ్ల దగ్గర ప్రామాణిక పరీక్షా వస్తువులు దొరుకుతాయి. మీ సిబ్బందిలో పొడవు, పొట్టి, లావు, సన్నం అన్నీ ఉండేలా కొందరిని ఎంచుకుని, వస్తువును భుజం, నడుము, చీలమండ దగ్గర, నిలువుగా, అడ్డంగా పెట్టి నడిపించండి. నెమ్మదిగా ఒకసారి, ఆదివారం జనం నడిచే వేగంతో ఒకసారి. లోహం ఎటు తిరిగి ఉందో, గేటులో ఎక్కడి నుంచి వెళ్లిందో బట్టి ఫలితం మారిపోవడం మీరే చూస్తారు.

ఎన్నిసార్లు నడిపించాలి? పదిసార్లు నడిపించి పదిసార్లూ మోగిందని ధీమాగా ఉండేవాళ్లను చాలామందిని చూశాను. దీనికి గణాంకశాస్త్రంలో ఒక తేలిక సూత్రం ఉంది: ఒక్కటీ జారకపోతే, 3ను పరీక్షల సంఖ్యతో భాగించండి. జారుడు రేటు అంతవరకు ఉండే అవకాశాన్ని మీరు ఇంకా కొట్టిపారేయలేరు. 30 సార్లు నడిపితే 10 శాతం, 60 సార్లకు 5 శాతం, 300 సార్లకు 1 శాతం. ఈ లెక్క 95 శాతం నమ్మకంతో చెప్పేది. పది పరీక్షలతో మీకు తెలిసింది చాలా తక్కువ.

ఐదో అడుగు: తూకం వేయండి

ఇక్కడ నింపాదిగా కూర్చోండి, కాలిక్యులేటర్ తీయండి. కింది అంకెలు లెక్క అర్థం కావడానికి నేను అనుకున్నవి, మీవి మీ రిజిస్టరులో ఉంటాయి.

ఒక వరుసలో నిమిషానికి 15 మంది నడుస్తారు. మోగినవాళ్లను చేతి డిటెక్టర్‌తో చూసి పంపడానికి ఒక్కొక్కరికి 20 సెకన్లు. వరుసకు ఒకే గార్డు. సున్నితత్వం ఎక్కువ పెడితే కత్తుల్లో వందకు 95 మోగుతాయి, ఏమీ లేనివాళ్లలో 30 శాతం మంది మోగుతారు. తక్కువ పెడితే కత్తుల్లో వందకు 88, ఏమీ లేనివాళ్లలో 10 శాతం.

ఎక్కువ పెట్టినప్పుడు నిమిషానికి నలుగురున్నర మంది ఆగాలి. ఇరవై సెకన్ల చొప్పున 90 సెకన్ల పని. నిమిషంలో ఉన్నవి 60 సెకన్లే. గార్డు మూడింట రెండు వంతుల మందిని చూస్తాడు, మిగిలిన వంతును "వెళ్లండి, వెళ్లండి" అంటూ చేత్తో పంపేస్తాడు. అప్పుడు వంద కత్తుల్లో పట్టుబడేవి 95 కావు, 63. తక్కువ పెట్టినప్పుడు ఆగేది నిమిషానికి ఒకటిన్నర మంది, 30 సెకన్ల పని. గార్డు అందరినీ చూడగలడు. పట్టుబడేవి 88.

యంత్రం ఎక్కువ పట్టే అమరికలో గేటు తక్కువ పట్టింది. యంత్రం పట్టేదాన్ని, మనిషి నిజంగా చూసేదానితో గుణిస్తేనే గేటు పట్టేది వస్తుంది. ఈ గుణకారం చేయకుండా సున్నితత్వం మీద చేయి వేయకండి. అలాగని తగ్గించుకుంటూ పొమ్మనడం లేదు. మీ దగ్గర వరుసకు ఇద్దరు గార్డులుంటే ఎక్కువ సున్నితత్వమే గెలుస్తుంది: 120 సెకన్ల చేతులున్నాయి, 90 సెకన్ల పని ఉంది, 95 నిలబడుతుంది. యాజమాన్యం ఇంకో జీతం ఇవ్వనంటే ఆ 95కూ 88కీ మధ్య తేడా వాళ్లు ఎంచుకున్నదేనని వాళ్లకు తెలియాలి. నేను ఈ లెక్కను ఒక పేజీలో రాసి వాళ్ల ముందు పెట్టాను. ఆ తర్వాత రెండో మనిషి వచ్చాడు.

ఇంకో సంగతి. ఆదివారం 12,000 మంది వస్తే, అందులో నిజంగా ఆపాల్సినవి ఆరు ఉన్నాయనుకోండి. పది శాతం అమరికలో దాదాపు 1,200 మోతలు వస్తాయి, నిజమైనవి ఐదు. అంటే బాగా సరిచేసిన గేటులో కూడా 240 మోతలకు ఒకటే నిజం. నిజమైనవి అరుదు కాబట్టి ఈ నిష్పత్తి ఇలాగే ఉంటుంది, ఎంత ఖరీదైన యంత్రమైనా సరే. గార్డుకు ఇది ముందే చెప్పండి. చెప్పకపోతే, వందో ఉత్తుత్తి మోత తర్వాత యంత్రం పాడైందని అతను నిర్ధారించుకుంటాడు, టేపు కోసం వెతుక్కుంటాడు.

ఆరో అడుగు: మోగిన తర్వాత ఏం జరగాలి

ఉత్తుత్తి మోత వల్ల కలిగే బాధలో పెద్ద పాలు మోతది కాదు, ఆ తర్వాత మనిషితో మనం నడుచుకునే తీరుది. ఒక రిసెప్షన్ రోజు జరిగింది చెబుతాను. డెబ్బై ఏళ్ల పెద్దావిడ గేటు దాటగానే కింది లైట్లు వెలిగాయి. గార్డు ఇంకా నోరు తెరవలేదు. ఆవిడే వంగి, పట్టుచీర కుచ్చిళ్లు మోకాలి దాకా ఎత్తి, నిలువునా ఉన్న కుట్టు మచ్చ చూపించింది. "ఇదుగో నాయనా, రెండు మోకాళ్లూ మార్పించారు." వెనుక నలభై మంది నిలబడి చూస్తున్నారు. ఆవిడ ఎన్ని గేట్ల దగ్గర ఎన్నిసార్లు అలా చూపించుకుని ఉంటుందో అనుకుంటే నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. మర్నాడే గేటు పక్కన తెర కట్టిన గది, ఒక కుర్చీ ఏర్పాటు చేయించాను.

వరుస ఇలా పెట్టుకోండి. మోగగానే, "అమ్మా, జేబులో గానీ సంచిలో గానీ లోహం ఏమైనా ఉందా?" అని అడిగి, తీసి ట్రేలో పెట్టించి, ఇంకోసారి నడిపించాలి. మళ్లీ మోగితే, గేటు పక్క లైట్లు ఏ ఎత్తులో వెలిగాయో ఆ చోటనే చేతి డిటెక్టర్ తిప్పాలి. లైట్లు మోకాలి దగ్గర వెలిగితే తల నుంచి పాదం దాకా తడమడం దేనికి? ఈ ఒక్క అలవాటుతో మా దగ్గర తనిఖీ సమయం సగానికి తగ్గింది. అప్పటికీ తేలకపోతే తెర వెనక్కి. ఆడవాళ్లను ఆడవాళ్లే చూడాలి, ఇందులో రద్దీ మినహాయింపులేమీ లేవు. మంగళసూత్రం, మెట్టెలు తీయమని అడగకూడదు, చేతి డిటెక్టర్‌తో తేల్చవచ్చు. గుండెకు పేస్‌మేకర్ ఉందని చెప్పినవాళ్లను గేటులో నిలబెట్టవద్దు, వాళ్ల ఛాతీ మీద చేతి డిటెక్టర్ తిప్పవద్దు. కార్డు చూసి, చేత్తో తనిఖీ చేసి పంపాలి.

ఒక హెచ్చరిక. రెండో దశ పెట్టినంత మాత్రాన జారుళ్లు తగ్గవు, ఆ దశలోనూ కొన్ని జారుతాయి. గేటు వందకు 88 పట్టి, చేతి తనిఖీ వాటిలో వందకు 90 తేల్చగలిగితే చివరికి పట్టుబడేవి 79. అందుకే నాలుగో అడుగులోని పరీక్ష గేటుకే కాక, గార్డుకు తెలియకుండా మొత్తం వరుసకు కూడా పెట్టాలి. దొరికితే అందరి ముందు మెచ్చుకోండి. దొరకకపోతే ఒంటరిగా పిలిచి నేర్పండి. జీతం కోస్తే మరుసటి నెల నుంచి ప్రతి తాళం గుత్తికీ గలాటా మొదలవుతుంది.

ఏడో అడుగు: బ్యాగుల స్కానరు ముందు కూర్చున్న కళ్లు

ఎక్స్‌రే తెర మీద సేంద్రియ పదార్థాలు నారింజ రంగులో, లోహాలు నీలంలో, మధ్యస్థమైనవి ఆకుపచ్చలో కనిపిస్తాయి. కిరణాలు దూరలేనంత మందమైనవి నల్లగా. నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్ సరిగ్గా నల్లటి దిమ్మలా కనిపిస్తుంది. హైదరాబాద్‌లో మధ్యాహ్నం పూట ప్రతి పదో సంచిలో ఒకటి ఉంటుంది. అన్నీ విప్పించలేరు, అన్నీ వదిలేయలేరు. సంచిని పక్కకు తిప్పి మళ్లీ పంపండి. కోణం మారితే గిన్నెలు విడివిడిగా కనిపిస్తాయి. అప్పటికీ నల్లగానే ఉంటే తెరిపించండి.

యంత్రం కంటే కళ్లు త్వరగా అలసిపోతాయి. 2005లో హార్వర్డ్‌కు చెందిన జెరెమీ వోల్ఫ్ బృందం చేసిన ప్రయోగంలో, వెతికే వస్తువు సగం బొమ్మల్లో ఉన్నప్పుడు మనుషులు 7 శాతం వదిలేశారు. నూటికి ఒక్క బొమ్మలోనే ఉన్నప్పుడు 30 శాతం వదిలేశారు. అరుదైనదాన్ని కన్ను చూసీ చూడనట్టు వదిలేస్తుంది. మన గేట్ల దగ్గర నూటికి ఒకటి కూడా ఉండదు. విమానాశ్రయాల స్కానర్లలో అప్పుడప్పుడు కల్పిత ఆయుధాల బొమ్మను తెర మీదకు తెచ్చి సిబ్బందిని మేలుకొలిపే ఏర్పాటు ఉంటుంది. అది లేని చోట పరీక్షా వస్తువున్న సంచిని షిఫ్టుకు రెండు మూడుసార్లు పంపండి. తెర ముందు 20 నిమిషాలకు మించి ఎవరినీ కూర్చోబెట్టకండి. ఐరోపా విమానాశ్రయాల నిబంధన కూడా అంతే.

ఎనిమిదో అడుగు: మోత ఎవరి మీద పడుతోందో చూడండి

యంత్రం బట్టల్ని చూడదు. మనిషి చూస్తాడు. మోగనివాళ్లలో గార్డు ఎవరిని ఆపుతున్నాడో ఒక గంట సీసీ కెమెరాలో చూడండి. బుర్ఖా, గడ్డం, సిమెంటు అంటిన చొక్కా, భోజనం తెచ్చే కుర్రాడి సంచి, ఇవే ఎక్కువగా ఆగుతుంటే మీ ఉత్తుత్తి మోతల భారం కొందరి నెత్తినే పడుతోంది. అన్యాయం సరే, భద్రతకూ అది నష్టమే. ఆపాల్సినవాడు మంచి చొక్కా వేసుకుని రావడానికి అడ్డేమీ ఉండదు. చాలా డిటెక్టర్లలో నూటికి ఇంతమందిని యాదృచ్ఛికంగా ఆపే సౌకర్యం ఉంటుంది. అది ఆన్ చేయండి, ఎంపిక గార్డు చేతిలోంచి తీసేయండి.

అయితే ప్రవర్తన చూసి అనుమానం వస్తే చెప్పడానికి గార్డు భయపడకూడదు. 2017 మే 22న బ్రిటన్‌లోని మాంచెస్టర్ అరీనా అనే కచేరీ ప్రాంగణంలో పేలుడుకు ముందు ఒక యువ గార్డుకు బాంబు పేల్చిన మనిషి మీద అనుమానం వచ్చింది, జాతి వివక్ష అంటారేమోనని వెనకాడాడని విచారణలో తేలింది. వేషాన్ని బట్టి ఆపవద్దు, చేష్టను బట్టి చెప్పు. ఈ తేడాను ఉదాహరణలతో నేర్పాలి. చెప్పినది తప్పని తేలినా మాట పడనివ్వబోమని గార్డుకు హామీ ఇవ్వాలి.

ముఖాలు గుర్తుపట్టే కెమెరా పెడతామంటూ 99 శాతం కచ్చితత్వం అని ఎవరైనా వస్తే, పన్నెండు వేల మందిలో ఒక శాతం అంటే రోజుకు 120 మంది నిర్దోషులని గుర్తుచేయండి. వాళ్లను ఎవరు, ఎలా తేలుస్తారో చెప్పలేకపోతే కొనకండి.

తొమ్మిదో అడుగు: రద్దీ వేళకు ముందే నిర్ణయం

2016 మార్చి 22న బ్రస్సెల్స్ విమానాశ్రయంలో బాంబులు పేలింది తనిఖీకి ముందున్న హాల్లో. గేటు బయట పేరుకున్న వరుస కూడా ప్రమాదమే. వరుస ఫలానా గీత దాటితే రెండో గేటు తెరవాలి, ఆఫీసు సిబ్బందిలో శిక్షణ పొందిన నలుగురు రావాలి, ఇది ముందే రాసి ఉండాలి. సున్నితత్వం మార్చే పాస్‌వర్డు షిఫ్టు సూపర్‌వైజర్ దగ్గర కూడా ఉండకూడదు. ఉంటే ఆదివారం రాత్రి ఎనిమిదింటికి అంకె తగ్గుతుంది, సోమవారం ఎవరూ పెంచరు. అలాగే, లోపలికి రావడాన్ని ఆపే బారికేడ్లు బయటకు వెళ్లడాన్ని ఆపకూడదు. 2019 జనవరి 30 రాత్రి నాంపల్లి నుమాయిష్‌లో మంటలు లేచినప్పుడు జనం పరుగు తీసిన తీరు ఈ నగరం చూసింది. గేటు పక్కనే తాళం లేని, బయటకు తెరుచుకునే దారి ఉందో లేదో ఈ రోజే తోసి చూడండి.

పదో అడుగు: సంతకం, తేదీ

ఎంచుకున్న అంకె, దాని వల్ల ఎన్ని ఉత్తుత్తి మోతలు వస్తాయి, పరీక్షలో ఎన్ని జారాయి, ఎంతమంది గార్డులుంటే ఆ లెక్క నిలుస్తుంది, ఇవన్నీ ఒక పేజీలో రాసి యాజమాన్యం చేత సంతకం చేయించండి. ఇంత జారుడును ఒప్పుకుంటున్నామన్న నిర్ణయం గార్డుది కాకూడదు. ఏదైనా జరిగిన రోజు నింద అతని మీద పడకుండా ఆపేది ఆ సంతకమే.

ఆ పేజీకి గడువు ఉంటుంది. మూడు నెలలకోసారి, గేటును కడగడానికి జరిపిన ప్రతిసారీ, పక్కన కొత్త షట్టరో లిఫ్టో వచ్చినప్పుడు, రంజాన్, బోనాలు, వినాయక చవితి, డిసెంబర్ 31 రద్దీలకు వారం ముందు మళ్లీ నడిపించి చూడండి. మా గేటు పక్క అల్మారాలో ఆ పేజీ, పరీక్షా వస్తువు, రిజిస్టరు ఒకే చోట ఉంటాయి. కిందటి పరీక్ష తేదీని ఇప్పుడు గార్డే సుద్దముక్కతో తలుపు లోపలి వైపు రాస్తున్నాడు. మూడు నెలలు దాటితే నాకంటే ముందు తనే ఫోను చేస్తాడు.